ఎండ లెక్క తెలిసిన ఆఫీసులు

ఇబ్రహీంపట్నం మండలం కొంగరకలాన్‌లో రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ 2022 ఆగస్టు 25న మొదలైంది. అంతకుముందు జిల్లా యంత్రాంగం హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉండేది. పట్టా పని పడిన రైతు రాజధాని నడిబొడ్డు దాకా వెళ్లాల్సి వచ్చేది. అదే మండలంలోని ఆదిబట్లలో టీసీఎస్ ప్రాంగణం, విమాన భాగాల కర్మాగారాలు వెలిశాయి. పొలాలు, చెరువు, బోర్లు తెలిసిన ప్రాంతానికి ఆఫీసు భవనం కొత్త చేర్పు.

ఇలాంటి కట్టడాల గురించి మామూలుగా మిగిలేవి ప్రారంభోత్సవం ఫొటో, ఖర్చు, చదరపు అడుగులు. వాస్తుశిల్పంలో కట్టడాన్ని నమోదు చేయడమంటే అది కాదు. నేల మీద గదుల అమరిక చూపే ప్లాను, ముఖాలు చూపే ఎలివేషన్, కిటికీ గోడలో ఎలా కూర్చుందో చూపే వివరాలు, వీటన్నిటికంటే ముఖ్యంగా సెక్షన్ కావాలి. పనసకాయను నిలువునా కోస్తే తొనలు, పీచు, తొడిమ ఒక్కసారిగా కనబడినట్టు, సెక్షన్‌లో స్లాబు మందం, సజ్జా పొడవు, గాలి దారి, వెలుగు పడే చోటు అన్నీ బయటపడతాయి. మన వేడి ప్రాంతంలో ఆఫీసు మంచిచెడ్డలు తేలేది ఈ బొమ్మలోనే.

హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు. ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. కాబట్టి ఎండ దెబ్బ ఎక్కువగా తగిలేది డాబాకే. దక్షిణపు గోడను కాపాడటం తేలిక. మార్చి, సెప్టెంబరు మాసాల్లో పగలూ రాత్రీ సమమయ్యే రోజున మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 73 డిగ్రీల ఎత్తున ఉంటాడు. రెండడుగుల సజ్జా వేస్తే కింద ఆరడుగుల పైన నీడ పడుతుంది. పడమటి గోడ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగింటికి అదే సజ్జా నీడ అడుగు, అడుగున్నర మించదు. మిగతా కిటికీ అంతా ఎండే. పడమటి వైపు కూర్చున్న గుమస్తా టేబుల్ జరుపుకునేది, కిటికీకి పాత కేలండర్ అతికించేది ఇందుకే.

ఈ లెక్కను హైదరాబాద్‌లో ఆఫీసు రూపంగా మలచిన కట్టడాల్లో 1960ల నాటి ఈసీఐఎల్ కార్యాలయం ముందుంటుంది. దాని రూపకర్త చార్లెస్ కొరియా సికింద్రాబాద్‌లోనే 1930లో పుట్టారు. ఆయన గోడలను నిటారుగా లేపి ఊరుకోలేదు. పై అంతస్తును కింది దాని కంటే ముందుకు జరిపి, ఒకదానికొకటి నీడ ఇచ్చేలా పేర్చారు. డాబా మీద పలుచటి నీటి పొర నిలిపారు. అది ఎండను వెనక్కి కొడుతుంది, ఆవిరవుతూ స్లాబును చల్లబరుస్తుంది. దాని పైన జాఫ్రీ పందిరి. గదులు మధ్యలోని ఖాళీ వైపు తెరుచుకుంటాయి. మండువా లోగిలి తెలిసినవారికి ఈ ఏర్పాటు పరాయిది కాదు, కాకపోతే అక్కడ పెంకు, ఇక్కడ కాంక్రీటు. ముందు నుంచి తీసిన ఫొటోలో నీటి పొర కనబడదు. సెక్షన్ గీస్తేనే కనబడుతుంది.

1998 నవంబరు 22న ప్రారంభమైన సైబర్ టవర్స్ దారి వేరు. పదంతస్తుల గుండ్రటి భవనం, నాలుగు భాగాలు, మధ్యలో తోట, ఫౌంటెన్. మాదాపూర్ రాళ్లగుట్టల నడుమ అది ఊరికి కొత్త గుర్తుగా నిలిచింది, అందులో అనుమానం లేదు. కానీ గుండ్రటి భవనానికి పడమర అంటూ విడిగా ఉండదు. అన్ని దిక్కులకూ ఒకే ముఖం చూపిస్తుంది. అలాంటి చోట ఎండ సంగతి ఏసీ యంత్రమే చూసుకోవాలి. తర్వాతి ఇరవయ్యేళ్లలో మాదాపూర్, గచ్చిబౌలిల్లో లేచిన అద్దాల భవనాలు చాలావరకు ఈ రెండో దారినే పట్టాయి.

2012లో రాహుల్ మెహ్రోత్రా సంస్థ ఆర్ఎంఏ ఆర్కిటెక్ట్స్ హైదరాబాద్‌లో కేఎంసీ కంపెనీకి కట్టిన కార్యాలయం మళ్లీ మొదటి లెక్కకు వచ్చింది. లోపల మామూలు కాంక్రీటు ఫ్రేము, అల్యూమినియం కిటికీలు. దాని చుట్టూ కాస్త ఎడంగా అల్యూమినియం జాలీ చొక్కా. జాలీకి తొట్లు, తొట్లలో మట్టి లేకుండా పెరిగే మొక్కలు, బొట్టుబొట్టుగా నీరు, తుంపర చల్లే గొట్టాలు. గాలి ఆకుల తడిలోంచి వచ్చి లోపలికి చల్లగా చేరుతుంది. ఒక్కో జాతి ఒక్కో కాలంలో పూస్తుంది కనుక ముఖం ఏడాది పొడవునా మారుతుంది. రెండు పొరల మధ్య ప్రతి అంతస్తుకూ సన్నటి నడక దారి ఉంది. మొక్కలు చూసే తోటమాలి, లోపల కంప్యూటర్ ముందున్న ఉద్యోగి ఒకరికొకరు ఎదురుపడతారు. ఆఫీసుల్లో పై ఉద్యోగికి, తోటపనివాడికి మధ్య ఉండే దూరాన్ని తగ్గించడం కూడా తన ఉద్దేశమేనని మెహ్రోత్రా చెప్పుకున్నారు. రూపకల్పనలో ఇది అరుదైన ఆలోచన.

నమోదు ఎందుకు పనికొస్తుందో చెప్పడానికి స్పెయిన్‌లోని కాటలోనియా మంచి ఉదాహరణ. అక్కడి రాజధాని బార్సిలోనాలో 1929 ప్రదర్శన కోసం మీస్ వాన్ డెర్ రోహ్ కట్టిన జర్మన్ మండపాన్ని 1930లోనే విప్పేశారు. మిగిలిన డ్రాయింగులు, ఫొటోలు, పునాదుల జాడలు పట్టుకుని స్థానిక వాస్తుశిల్పులు 1986 నాటికి అదే చోట తిరిగి నిలబెట్టారు. ఆ నగరంలో వాస్తుశిల్పుల సంఘం సొంత కార్యాలయం కూడా చూడదగ్గ ఆధునిక కట్టడమే. 1962 నాటి ఆ భవనం గోడల మీద పికాసో బొమ్మలున్నాయి. అయితే అక్కడి రూపాన్ని ఇక్కడికి ఎత్తుకురాకూడదు. బార్సిలోనాలో జూన్ నడి మధ్యాహ్నం సూర్యుడు ఎక్కే ఎత్తును హైదరాబాద్‌లో మార్చిలోనే అందుకుంటాడు. శీతాకాలపు ఎండను అక్కడ గదిలోకి పిలవాలి, ఇక్కడ ఆ అవసరం తక్కువ.

మళ్లీ మన ఊరికొస్తే, హైదరాబాద్ పాత సచివాలయాన్ని 2020లో కూల్చారు. 1888 నాటి జీ బ్లాక్ గురించి నలుగురూ బాధపడ్డారు. దాని చుట్టూ స్వాతంత్య్రం తర్వాత కట్టిన బ్లాకులు కూడా పోయాయి. వాటి గురించి అడిగినవారు తక్కువ. పాతదైతేనే వారసత్వం అన్న అలవాటు అది.

కొంగరకలాన్ లాంటి భవనాన్ని నమోదు చేయడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. కొలత టేపు, దిక్సూచి, ఇద్దరు విద్యార్థులు చాలు. గుత్తేదారు దగ్గర ఉండిపోయే డ్రాయింగులు మొదట సంపాదించాలి, ఎందుకంటే ప్లానులో ఉన్నదీ మేస్త్రి కట్టినదీ ఒకటే కాకపోవచ్చు. ప్రతి ముఖంలో సజ్జా ఎంత ముందుకొచ్చిందో, కిటికీ ఎంత ఎత్తుందో కొలవాలి. మే నెలలో ఒక రోజు ఉదయం పది, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం నాలుగింటికి అవే గదుల్లో నీడ గీతను నేల మీద సుద్దముక్కతో గీయాలి. తర్వాత తగిలించిన తెరలు, కిటికీకి అతికించిన కాగితాలు, వెనకాల బిగించిన ఏసీ యంత్రాలు ఎన్ని, ఏ వైపున ఉన్నాయో కూడా అదే కాగితం మీద రాసుకోవాలి.