మొదటి ఎర్రర్

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటినుంచి నా దగ్గరికి పాత ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా వస్తున్నాయి. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ వాటిలో ఉండవు. అంతకుమించి వాటికొచ్చిన లోపం ఏమీ లేదు. లైనక్స్ రకాలైన మింటో, డెబియనో ఎక్కిస్తే ఇంకొన్నేళ్లు హాయిగా నడుస్తాయి. ఎక్కించడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. నాకు ఇష్టమైన పని, ఎక్కించాక ఏదో ఒకటి పనిచేయనప్పుడు మొదలవుతుంది.

ఈమధ్య ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి ల్యాప్‌టాప్‌లో డెబియన్ వేశాం. రీస్టార్ట్ అయ్యాక చూస్తే వైఫై గుర్తే లేదు.

"కార్డు పోయినట్టుంది బాబూ, కొత్తది కొందామా?" అన్నారాయన.

"ఉండండి మాస్టారూ, ముందు దాన్నే అడుగుదాం" అన్నాను.

టెర్మినల్లో ఎల్‌ఎస్‌పీసీఐ అని కొడితే లోపలున్న పరికరాల జాబితా వచ్చింది. అందులో వైఫై కార్డు పేరుంది. అంటే సిస్టమ్‌కి కార్డు కనబడుతూనే ఉంది, కొత్తది కొనే మాట అక్కడితో తీరిపోయింది. తరువాత డీమెసేజ్ తీశాం. బూట్ అవుతున్నప్పటి నుంచీ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ రాసుకుంటూ పోయే చిట్టా అది, వందల లైన్లు ఉంటుంది. కార్డు ప్రస్తావన వచ్చిన చోట ఆగి చదివాం. ఫలానా పేరుగల ఫర్మ్‌వేర్ ఫైలు లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2 అని ఉంది. మైనస్ 2 అంటే అలాంటి ఫైలే లేదని. ఏం కావాలో, దాని పేరేమిటో యంత్రమే రాసిపెట్టింది.

చాలా వైఫై కార్డులకు లోపల నడిచే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను డ్రైవరే అందించాలి. దాని సోర్స్ కోడ్ తయారీదారులు సాధారణంగా బయటపెట్టరు. అందుకే డెబియన్ ఇలాంటివాటిని ఏళ్ల తరబడి తన అధికారిక ఇన్‌స్టాలర్‌లోకి రానివ్వలేదు. 2022లో డెవలపర్లు ఓటింగ్ పెట్టుకుని, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి చేర్చారు. అది సరైన నిర్ణయమనే నా అభిప్రాయం. నెట్ రాని కంప్యూటర్ చేతికిస్తే సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించి ఎవరు వింటారు? అయితే ఇతరులు పంచిపెట్టడానికి కూడా అనుమతి లేని ఫర్మ్‌వేర్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. మాస్టారి కార్డుకి కావలసింది ఆ కోవలోదే. దాన్ని నెట్ నుంచి తెచ్చిపెట్టే ప్యాకేజీ వేరుగా ఉంది. నెట్ కోసం మాస్టారి ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాం. ప్యాకేజీ దిగింది, డ్రైవర్ మాడ్యూల్‌ను తీసి మళ్లీ ఎక్కించాం, వైఫై గుర్తు వచ్చింది.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ పనిలో చేతివేగం కంటే చదివే ఓపిక ముఖ్యమని నా గట్టి నమ్మకం. ఒకటి ఫెయిలైతే దానిమీద ఆధారపడ్డవన్నీ వరసగా ఫెయిలవుతాయి. తెరమీద మిగిలేది చివరి ఎర్రర్, మనకు కావలసింది మొదటిది. నూలు చిక్కుపడ్డప్పుడు కొస దొరక్కుండా లాగితే ముడి బిగుసుకున్నట్టే, ఎక్కడో దొరికిన కమాండ్లు అర్థం తెలియకుండా కొడితే అసలు లోపం ఇంకా లోపలికి పోతుంది. ఐదు మార్పులు ఒకేసారి చేశాక బాగుపడినా, దేనివల్ల బాగుపడిందో తెలియదు. వచ్చే అప్‌డేట్‌లో అదే లోపం మళ్లీ వస్తే ఆధారం ఉండదు. ఒక్క మార్పు చేయాలి, ఫలితం చూడాలి, నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

కొన్నిసార్లు లోపమనిపించేది రెండు పద్ధతుల మధ్య తేడా మాత్రమే. విండోస్‌నీ లైనక్స్‌నీ పక్కపక్కన ఉంచుకున్నవాళ్లకి గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తప్పుతుంది. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ స్థానిక సమయం రాస్తుంది, లైనక్స్ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ రాస్తుంది. యూటీసీకీ మన సమయానికీ తేడా ఐదున్నర గంటలు కాబట్టి ఆ అంకె చూడగానే కారణం దొరికిపోతుంది. రెంటిలో ఒకదాన్ని రెండోదాని పద్ధతికి మారిస్తే చాలు.

మాస్టారి ల్యాప్‌టాప్‌లో వేలిముద్ర రీడర్ పనిచేయలేదు. ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో దాని నంబర్ చూసి, వేలిముద్ర రీడర్లను నడిపే లిబ్‌ఎఫ్‌ప్రింట్‌కి తెలిసిన పరికరాల్లో వెతికాను. లేదు. అక్కడ ఆగిపోవడం కూడా ఈ పనిలో భాగమే. డ్రైవరే లేని పరికరం కోసం రాత్రంతా సెట్టింగులు మార్చినా లాభం ఉండదని ఆయనకు చెప్పాను.

"పాస్‌వర్డ్ చాల్లే. తెలుగు సంగతి చూడు" అన్నారు.

తెలుగు సులువుగానే వచ్చింది. పోతన, వేమన ఫాంట్లు డెబియన్ ప్యాకేజీల్లోనే ఉన్నాయి. టైపింగ్‌కి ఐబస్, దానికి తెలుగు కీబోర్డులిచ్చే ఎం17ఎన్ వేశాం. లాగవుటై మళ్లీ లాగినయ్యేదాకా కీబోర్డుల జాబితాలో తెలుగు కనబడలేదు. చాలామంది అక్కడే నిరాశపడి వదిలేస్తారు. తరువాత ఆయన తన పాత వ్యాసాల ఫోల్డర్ తెరిచారు. తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు గందరగోళంగా కనబడ్డాయి. ఆయన ముఖం వాడిపోయింది. అవన్నీ డీటీపీ రోజుల్లో అను ఫాంట్లతో కొట్టినవి. యూనికోడ్‌కి ముందు పద్ధతిలో, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చిన ఫాంట్లవి. ఆ ఫాంట్ లేకపోతే కిందున్న ఇంగ్లిషే బయటపడుతుంది. ఫైళ్లు భద్రంగా ఉన్నాయని చెప్పి, ఒకదాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి చూపించాను. అక్కడక్కడా ఒత్తులు తప్పాయి. మిగతా ఫైళ్లను ఆయనే ఒక్కొక్కటిగా మార్చి, చదివి దిద్దుకుంటున్నారు.