జాషువా బడిలో అక్షరాభ్యాసం

కవి కావాలన్నా కథకుడు కావాలన్నా పల్నాటి పిల్లలు గురువును వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా మనకున్నాడు. ఆయన పద్యాన్ని మించిన రచనాపాఠం తెలుగులో లేదని నా నమ్మకం. పక్షపాతమంటే అనండి, కాదనను.

పద్యం మన నేలకు నిన్న మొన్న వచ్చింది కాదు. పల్నాటి యుద్ధం పన్నెండో శతాబ్దం నాటిదంటారు. ఆ కథను శ్రీనాథుడు మంజరీ ద్విపదలో చెప్పాడని ప్రసిద్ధి. వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుకుంటూ వచ్చిన ఆ వీరగాథను 1911లో అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి అచ్చుకెక్కించారు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మంజరిలో ప్రాస నియమం కూడా ఉండదు. పాడేవాడి ఊపిరి ఎంతో పాదం అంత. వచనం రాసేవాళ్ళకు కూడా ఇంతకన్నా మంచి కొలత ఏముంది?

ఇక జాషువా పనితనం చూడండి. కాళిదాసు మేఘాన్ని దూతగా పంపాడు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో జాషువా గబ్బిలాన్ని పంపాడు. గుడి గడప తొక్కనివ్వని మనిషి తన మొర శివుడి చెవిన వేయాలి. ఆ మనిషిని ఆపే పూజారి, గుడి కప్పుకు వేలాడే గబ్బిలాన్ని ఆపలేడు. అపశకునమని జనం తరిమే ప్రాణికి, అంటరాడని ఊరు తరిమిన మనిషికి మధ్య చుట్టరికం కలిపాడు. ఆ ఒక్క ఎంపికలోనే సగం కావ్యం అయిపోయింది. తన వస్తువుకు తగిన పాత్ర దొరికేదాకా కలం కదపకూడదని కొత్త రచయిత ఇక్కడే నేర్చుకోవాలి.

ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం. చేయి తిరగనివాడు యతి కుదరడానికి పనికిరాని మాటను తెచ్చి ఇరికిస్తాడు. జాషువాకు ఆ అవస్థ లేదు. యతి పడ్డచోటే ఆయన భావం నిటారుగా నిలబడుతుంది. సంస్కృత సమాసం పక్కన ఇంట్లో మాట్లాడుకునే తెలుగు మాట వచ్చి కూర్చుంటుంది, రెండూ ఒకదాన్నొకటి వెలిగిస్తాయి. రాజమండ్రిలో మూగ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ, సంభాషణలు చదివి వినిపించిన గొంతు అది. వినేవాడికి ఎక్కడ మనసు చెదురుతుందో ఆ చెవికి తెలుసు.

అందుకే ఆయన శ్మశానవాటి పద్యాలను నటులు తమంతట తామే తీసుకెళ్ళి బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనుకు చేర్చుకున్నారు. పుస్తకం పట్టని రైతు కూడా ఆ పద్యాలు విని కన్నీళ్ళు పెట్టుకున్నాడు, 'వన్స్ మోర్' అని అరిచాడు. రచన ప్రచురణ పొందడమంటే అది! చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి అంతటివారు ఆయన కాలికి గండపెండేరం తొడిగారంటే ఊరికే తొడిగారా?

వచనానికి మన గురువు ఉన్నవ లక్ష్మీనారాయణ. సత్తెనపల్లి వైపు వేములూరుపాడు ఆయన ఊరు. పల్నాడు పుల్లరి ఉద్యమంలో జైలుకెళ్ళి, అక్కడ 'మాలపల్లి' రాశారు. పాత్రలచేత మన పల్లెల్లో మాట్లాడే తెలుగే మాట్లాడించారు. మద్రాసు ప్రభుత్వం ఆ నవలను నిషేధించింది. రాజ్యాన్ని భయపెట్టింది ఆ మాటల్లోని నిజమే.

అలాంటి గడ్డమీద ఇప్పుడు జరుగుతున్నదేమిటి? రాసిన నెలకే పుస్తకం, డబ్బు కట్టిన వారానికే ఆవిష్కరణ, శాలువా, బిరుదు, ఫోన్‌లో ప్రశంసాపత్రం! పంక్తులు విరగ్గొడితే కవిత్వం అయిపోయిందట. నాలుగు మాటలు ఇస్తే ఫోను పద్యం అల్లి పెడుతోంది, దాని కింద సంతకం చేసుకునేవాళ్ళూ తయారయ్యారు. గణం లేదు, యతి లేదు, కనీసం సొంత బాధైనా లేదు. తప్పు చెప్పే సంపాదకుడు లేడు, వినే ఓపిక రచయితకు లేదు. మరోపక్క విపుల, చతుర లాంటి పత్రికలే ఆగిపోయాయి. కొత్తవాళ్ళు ఎక్కడ దిద్దుకుంటారు?

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు నా మనవి. రాసింది బిగ్గరగా చదవండి. నోరు తడబడ్డచోట వాక్యం తప్పని తెలుసుకోండి. కొన్నాళ్ళు పక్కన పెట్టి, మళ్ళీ తీసి, అక్కర్లేని విశేషణాలు కొట్టేయండి. పత్రికకు పంపేముందు దాని పాత సంచికలు చదవండి, అడిగిన నిడివి దాటకండి. ఒకే కథను ఒకేసారి రెండు పత్రికలకు పంపకండి. సొంత రచనేనని రాసిచ్చే హామీపత్రం మీ పరువు. నకలు మీ దగ్గర ఉంచుకోండి. తిరిగొస్తే కోపం తెచ్చుకోకుండా మళ్ళీ దిద్దండి. డబ్బు కడితే పుస్తకం వేస్తామనేవాళ్ళు వస్తే, హక్కులు ఎవరివో, ఎన్ని ప్రతులు వేస్తారో, అమ్మేదెవరో కాగితం మీద రాయించుకోండి.

పెద్దలకూ ఒక మాట. నరసరావుపేట, మాచర్ల, గురజాల, వినుకొండ గ్రంథాలయాల్లో నెలకొక సాయంత్రం కొత్తవాళ్ళను కూర్చోబెట్టి చదివించండి. పొగడ్తలు ఆపి తప్పులు చెప్పండి. సన్మానాలకు పెట్టే ఖర్చుతో జాషువా, ఉన్నవ పుస్తకాలు కొని ప్రతి ఉన్నత పాఠశాలకూ ఇవ్వండి. వాళ్ళను చదవకుండా పల్నాట రచయిత తయారు కాడు.