నుక్తాల్లేని ఉత్తరం

నిజామాబాద్ జిల్లాలో బోధన్, వర్ని, కోటగిరి వైపు పాత భూమి పంచాయితీ ఏది తవ్వినా ఒక ఉర్దూ కాయితం బయటికొస్తుంది. సేత్వారో, మున్తఖబో, ఫైసల్‌పట్టీయో. దాన్ని చదివిపెట్టే మనిషి కోసం వెతుకులాట అప్పుడు మొదలవుతుంది. అదింకా నయం. నిజాం సర్కారు 1884లో ఉర్దూకు మారకముందు రాతకోతలు ఎక్కువగా ఫారసీలోనే, అదీ చాలావరకు షికస్తాలో. హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ కాగితాలే లక్షన్నర దాకా ఉన్నాయి.

షికస్తా మున్షీల పరుగు రాత. కలపకూడని అక్షరాలు కలిపేస్తారు, నుక్తాలు, అంటే అక్షరాల చుక్కలు, ఎగ్గొడతారు. మాట మొదట్లో బ, ప, త, న నాలుగింటికీ ఒకటే చిన్న పన్ను. తేడా చెప్పేవి నుక్తాలే. అవి లేకపోతే ‘బోధన్’ మొదటి అక్షరాన్ని కనీసం నాలుగు రకాలుగా చదవొచ్చు. హ్రస్వాచ్చులు ఎలాగూ రాయరు. అందుకే ఎంత ఫారసీ పండితుడైనా ఎడపల్లి, రెంజల్ పేర్లు ఎన్నడూ విననివాడైతే ఊరి పేరు దగ్గర ఆగిపోతాడు. ఈ విద్యలో సగం భాష, సగం ఊళ్ల ఎరుక అని నా లెక్క.

చేయి తిరిగినవాళ్లు మొదటి వరుస నుంచి మొదలుపెట్టరు. ముందు ముద్ర చూస్తారు. అందులో పేరు, బిరుదు, హిజ్రీ సంవత్సరం ఉంటాయి. ఆ ఏడు ముద్ర చెక్కించినది, ఉత్తరం రాసినది కాకపోవచ్చు. తర్వాత తారీఖు. ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) అయితే 590 కలపాలి: 1347 ఫసలీ అంటే 1937-38, బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచిన రోజులు. లెక్కలు సియాక్‌లో ఉంటాయి, అంటే అరబ్బీ అంకెల పేర్లను కుదించి రాసిన గుర్తులు. సున్నా చేర్చి పదిని వంద చేసే పప్పులు ఇక్కడ ఉడకవు. ఆఖరున కాగితం తిప్పుతారు. ఏ కచేరీకి ఎప్పుడు చేరింది, ఎక్కడ నమోదైంది వెనక రాసుంటుంది. పోయిన ఉత్తరం ఎక్కడిదో రుజువు చేయాల్సి వస్తే ఆ గీతలే సాక్ష్యం.

అసలు పోయిందని తెలియాలి కదా! ఎవరూ చదవని కట్టలో ఒక కాగితం తగ్గితే పట్టించుకునేదెవరు? ఫ్రాన్సులో గ్రంథాలయాల రాతప్రతుల జాబితా పని అప్పగిస్తే, 1840లలో గణితవేత్త గుగ్లియెల్మో లిబ్రీ వాటినే ఎత్తుకుపోయాడు. కంచే చేను మేసింది. అలా మాయమైన ఒకటి, తత్వవేత్త దెకార్త్ 1641 మే 27న తన మిత్రుడు మెర్సెన్‌కు రాసిన ఉత్తరం, చేతులు మారి 1902లో అమెరికాలోని హావర్‌ఫర్డ్ కాలేజీకి చేరింది. 2010లో ఎరిక్-యాన్ బాస్ అనే పరిశోధకుడు ఇంటర్నెట్‌లో వెతుకుతూ దాని ఆనవాలు పట్టాడు. విషయం తెలిశాక కాలేజీ దాన్ని ఫ్రాన్సుకు తిరిగి ఇచ్చేసింది.

మన 1972 పురావస్తు చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతి పురావస్తువే. కానీ కాగితం తనదేనని చెప్పాలంటే ఆర్కైవ్స్ దగ్గర దాని ముద్ర, తారీఖు, మొదటి మాటలు, వెనక రాత ముందే జాబితాలో ఎక్కి ఉండాలి. ఆ జాబితా రాసేవాళ్లను ఎక్కడి నుంచో రప్పించనక్కర్లేదు. నిజామాబాద్, బోధన్‌లలో ఉర్దూ మీడియం పిల్లలున్నారు. లిపి వాళ్లకు వచ్చు, ఊళ్ల పేర్లూ వచ్చు. నేర్పాల్సింది కొంత ఫారసీ, షికస్తా, సియాక్.