స్మృతి కవిత్వం: ఓదార్పు తప్పనిసరా?

గత భాగంలో కరుణరసానికి శోకం స్థాయీభావమని తెలుసుకున్నారు. ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుందాం. కవి తన మనిషిని పోగొట్టుకొని రాసినప్పుడు ఆ రచన ఎవరిని గుర్తుచేయాలి? పోయిన మనిషినా, ఏడుస్తున్న కవినా?

ఆంగ్ల ‘ఎలిజీ’ని వివరించేటప్పుడు విమర్శకులు సాధారణంగా విలాపం, ప్రశంస, ఓదార్పు అని మూడు దశలు చెబుతారు. ఈ కొలతనే తెలుగు రచనలకూ పెట్టి, చివర ఓదార్పు లేకపోతే లోపమనుకునే విద్యార్థులు చాలామంది. ఈ అభిప్రాయం సరైనది కాదు.

ముందుగా కాళిదాసు రఘువంశం ఎనిమిదో సర్గను చూడండి. ఇందుమతి చనిపోయినప్పుడు అజుడు విలపిస్తాడు. వసిష్ఠుడు శిష్యుడి ద్వారా వేదాంతబోధ పంపుతాడు. ఆ బోధ అజుడి మనసులో నిలవదు. కొడుకు పెద్దవాడయ్యేదాకా ఎనిమిదేళ్లు ఎలాగో బతికి, ఆ తరువాత తనువు చాలిస్తాడు. ఓదార్పు వచ్చింది గాని పనిచేయలేదు. ఆ సర్గకున్న బలం అదే.

ఇక విశ్వనాథ సత్యనారాయణ భార్య మరణానంతరం రాసిన ‘వరలక్ష్మీ త్రిశతి’. శతకం, త్రిశతి వంటి సంఖ్యాకృతులను మన సంప్రదాయం ఎక్కువగా దైవానికి అర్పించింది. వరలక్ష్మి దేవత పేరు కూడా కావడంతో, శీర్షిక మాత్రమే చూసినవారు స్తోత్రమనుకుంటారు. దేవతకు దక్కే చట్రంలో ఇల్లాలిని నిలపడంలోనే కవి ఆమెకు ఏ స్థానం ఇచ్చాడో తెలుస్తుంది.

శ్రీశ్రీ దారి వేరు. ‘ఉదయిని’ పత్రిక నడిపిన కొంపెల్ల జనార్దనరావు 1937లో మరణించాడు. 1950లో వెలువడిన ‘మహాప్రస్థానం’ ఆయనకే అంకితం. ఆ అంకిత గీతంలో కవి మిత్రుణ్ణి ‘నీవు’ అనే సంబోధిస్తాడు. ఆయనను బతకనివ్వని లోకం మీద ఆగ్రహిస్తాడు. చివరికి ఊరట చెందడు. మిత్రుడు వదిలిన పోరాటాన్ని తాను అందుకుంటాడు. దుఃఖం ఇక్కడ తీరదు, బాధ్యతగా మారుతుంది.

మన ఊళ్లలో స్త్రీలు శోకాలు పెట్టి ఏడవడం మీరు వినే ఉంటారు. అందులో గొప్ప విశేషణాలుండవు. పోయినవాడు ఏ పండక్కి ఏమి తెచ్చాడో, ఏ గట్టున కూర్చునేవాడో ఉంటుంది. ఆ ఏడుపూ పోయినవాణ్ణి పేరు పెట్టి, వరస పెట్టి పిలుస్తూనే సాగుతుంది.

కాబట్టి స్మృతి రచనను పరిశీలించేటప్పుడు రెండు పరీక్షలు పెట్టండి. ఒకటి: పేరు మార్చి మరొకరి పేరు పెడితే రచన చెల్లుతుందా? చెల్లితే అది సంతాప సందేశమే. రెండు: కవి పోయినవారితో మాట్లాడుతున్నాడా, సభతో మాట్లాడుతున్నాడా? ఓదార్పు ఉందా లేదా అన్నది ఆ తరువాతి మాట.

మీలో ఈ మధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవారు ఉండవచ్చు. మీరు రాయాలనుకుంటే ‘మహోన్నతుడు’, ‘ఆదర్శమూర్తి’ అనే మాటలతో మొదలుపెట్టకండి. ఆ మనిషికి మాత్రమే చెందిన ఒక అలవాటుతో మొదలుపెట్టండి. ముగింపు కుదరకపోతే కుదరనట్టే వదిలేయండి.

అభ్యాసం: మీకు తెలిసిన ఒక స్మృతి రచనను ఎన్నుకొని, పై రెండు పరీక్షల ఆధారంగా పది వాక్యాల్లో విమర్శించండి.