మద్రాసు నుండి తోచిన గ్రహం: ఒక పాత వ్యాసంపై విమర్శ

రావికమతంలో ఒక బడి గోడపత్రికలో తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒకడు ఇట్లా వ్రాసినాడు: "పరాయి సూర్యుని చుట్టూ తిరిగే గ్రహాన్ని ప్రపంచంలో మొట్టమొదట కనుగొన్నది మన మద్రాసులో, 1855లో." సైన్సు చెప్పే ఉపాధ్యాయుడు మొదట సంతోషించినాడు, తరువాత సందేహించినాడు. ఆ కాగితం నా వద్దకు తెచ్చి, "మేష్టారూ, దీన్ని ఉంచమంటారా, తీయించమంటారా?" అని అడిగినాడు. పిల్లవాడు ఏదో ఊహించి వ్రాసింది కాదు. ఈ మాటకు మూలమైన వ్యాసం ఒకటి నిజంగానే ఉన్నది. దానిని పరిశీలించకుండా ఉంచమనడానికీ వీలులేదు, తీయమనడానికీ వీలులేదు.

ఆ వ్యాసం లండనులోని రాయల్ ఖగోళ సంఘపు మాసపత్రిక 15వ సంపుటంలో 1855లో వెలువడినది. రచయిత కెప్టెన్ విలియం స్టీఫెన్ జేకబ్. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు. మద్రాసు వేధశాలకు అధిపతి. నుంగంబాకంలో 1792లో నిర్మించిన ఆ వేధశాల మనకు పూర్తిగా పరాయిది కాదు. అక్కడి నల్లరాతి స్తంభం మీద చెక్కిన శాసనాలలో తెలుగు కూడా ఉన్నది. విశాఖపట్నంలో 1840లో సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పిన గోడే వెంకట జగ్గారావుగారు ఖగోళ విద్య నేర్చినది అక్కడనే, జేకబ్‌కు పూర్వం అధిపతిగా ఉండిన టేలర్ దొర వద్ద. విద్యార్థి "మన మద్రాసు" అనడాన్ని నేను తప్పు పట్టను.

వ్యాస విషయం సర్పధారి మండలంలో 70వ సంఖ్య గల నక్షత్రం. జూన్ నెలాఖరున అర్ధరాత్రి వేళ, మబ్బు లేకుంటే, కళ్యాణపులోవ జలాశయం గట్టున నిలిచి చూస్తే నడినెత్తికి కాస్త దక్షిణంగా మసక చుక్కవలె కనిపిస్తుంది. మన నుండి దూరం సుమారు 16.6 కాంతి సంవత్సరాలు. నక్షత్రాల లెక్కలో ఇది ఇరుగు పొరుగు. కంటికి ఒక్కటే, కాని దూరదర్శినిలో రెండు. పెద్దది మన సూర్యుని జాతిదే. బరువులో అతనికి సుమారు పదింట తొమ్మిది వంతులు, రంగులో కాస్త ఎరుపు వైపు మొగ్గినది. చిన్నది ఇంకా మసక. ఈ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి రావడానికి 88 ఏండ్లకు పైగా పడుతుంది. వీటిని జంటగా గుర్తించినవాడు విలియం హెర్షెల్, 1779లో.

జేకబ్ చేసినదేమిటి? వేర్వేరు పరిశీలకులు కొలిచిన స్థానాలను వరుసగా పేర్చి, చిన్న తార నడవవలసిన దీర్ఘవృత్తాన్ని లెక్కగట్టి, లెక్కకూ కొలతకూ తేడా ఎక్కడ వస్తున్నదో చూసినాడు. తేడాలు ఒకసారి ఇటు, ఒకసారి అటు, అలవలె కనిపించినవి. కంటికి కనబడని మూడవ వస్తువు ఏదో అక్కడ ఉండి లాగుతున్నదనీ, అది గ్రహం కావచ్చుననీ, అట్లా కావడం మిక్కిలి సంభవమనీ ఆయన అభిప్రాయపడినాడు. ఈ ఆలోచనా మార్గాన్ని నేను మెచ్చుకొంటాను. కేవలం తొమ్మిదేండ్ల క్రితం, 1846లో, యురేనస్ నడకలోని తేడాను బట్టి నెప్ట్యూన్‌ను పట్టుకొన్నారు. అదే తర్కాన్ని జేకబ్ మరొక సూర్యుని వద్దకు తీసికొనిపోయినాడు. పైగా "కనుగొన్నాను" అనలేదు.

మార్గం మంచిదే, కొలతలు దాని బరువు మోయలేకపోయినవి.

మొదటి లోపం చిన్న తీసివేతతో తెలుస్తుంది. 1779 నుండి 1855 వరకు 76 ఏండ్లు. జంట ఒక చుట్టు పూర్తిచేయడానికే 88 ఏండ్లు కావలె. అనగా జేకబ్ చేతిలో ఒక్క పూర్తి ప్రదక్షిణం కూడా లేదు. ఉన్న 76 ఏండ్లలోను తొలి దశాబ్దాల కొలతలు బహు అరుదు. కక్ష్యయే స్థిరపడనప్పుడు, ఆ కక్ష్య నుండి వచ్చిన తేడాలను ఎంతవరకు నమ్మవచ్చును? కక్ష్యను కొంచెం సవరిస్తే తేడాల అల కూడా రూపు మారిపోతుంది.

రెండవది అంతకంటె లోతైనది. దీనిని తరగతిలో చెప్పడం కొంత కష్టమే, కాని చెప్పి తీరవలెను. కోణమానంలో డిగ్రీకి 60 కలలు, కలకు 60 వికలలు. ఆనాడు సూక్ష్మమాపకపు తీగలను చేతితో త్రిప్పి, ఊగిసలాడే కాంతి బిందువుల మధ్య దూరం కొలిచేవారు. వికలలో పదవ వంతు పొరపాటు అందులో సామాన్యం. ఒక రూపాయి బిళ్ళను రావికమతంలో నిలబెట్టి ఏబది కిలోమీటర్లు అవతల నుండి చూస్తే అది ఎంత కోణం చేస్తుందో, సుమారుగా అంత. మరి గ్రహం తన నక్షత్రాన్ని ఎంత కదిలిస్తుంది? మన గురుగ్రహం వంటిది, గురుని దూరంలోనే, ఆ పెద్ద తార చుట్టూ తిరుగుతున్నదనుకొందాము. తార ఊగేది వికలలో సుమారు వెయ్యవ వంతు మాత్రమే! అదే రూపాయి బిళ్ళను ఐదువేల కిలోమీటర్ల నుండి చూడడమన్నమాట. అంత దూరం నుండి వికలలో పదవ వంతు ఊపు రావలెనంటే, లాగే వస్తువు గురునికి సుమారు నూరు రెట్లు ఉండవలె. నూరు గురులంటే అది గ్రహం కాదు, చిన్న నక్షత్రం.

"పొరపాట్లయితే చిందరవందరగా ఉండవలె గదా, అలవలె ఎందుకు వచ్చినవి?" అని చురుకైన విద్యార్థి అడుగుతాడు. అడగవలసిన ప్రశ్న అదే. కొలిచేవాని కన్ను రెండు చుక్కలు అడ్డంగా ఉన్నప్పుడు ఒక విధంగా, నిలువుగా ఉన్నప్పుడు ఇంకొక విధంగా, ఏటవాలుగా ఉన్నప్పుడు మరొక విధంగా మోసపోతుంది. ఒక్కొక్క పరిశీలకునికి ఈ మోసం ఒక్కొక్క తీరు. జంట తార ఏండ్ల తరబడి మెల్లగా తిరుగుతూ ఉంటే ఆ పొరపాటు కూడా మెల్లగా పెరిగి, తగ్గి, దిక్కు మారుతుంది. చూడడానికి అది అచ్చంగా ఏదో వస్తువు లాగినట్లే ఉంటుంది. దీనిని పరీక్షించదలచిన ఉపాధ్యాయులు నల్లబల్ల మీద రెండు సుద్ద చుక్కలను ఒకే ఎడంతో పన్నెండు దిక్కులకు త్రిప్పి గీయించి, గది చివర కూర్చొన్న ఒక్కొక్క పిల్లవానిచేత ఆ ఎడం అంచనా వేయించి, గ్రాఫు కాగితం మీద గుర్తింపజేయవచ్చును. ఏ గ్రహమూ లేకుండానే అల ఎట్లా వస్తుందో కనిపించే అవకాశమున్నది.

జేకబ్ తరువాత ఇదే తారను పట్టుకొన్న అమెరికా శాస్త్రజ్ఞుడు సీ విషయం వేరు. 1896లో ఆయన, అక్కడ 36 ఏండ్ల కాలంతో తిరిగే చీకటి వస్తువు ఉన్నదని గట్టిగా ప్రకటించినాడు. దీని బలహీనతను కెప్లర్ మూడవ సూత్రం తెలిసిన పదవ తరగతి విద్యార్థి కూడా పట్టగలడు. 36ను 36తో హెచ్చించి, నక్షత్రపు బరువు 0.9తో హెచ్చిస్తే 1166. దాని ఘనమూలం సుమారు పదిన్నర. అనగా ఆ వస్తువు భూమి–సూర్యుల మధ్య దూరానికి పదిన్నర రెట్ల దూరంలో తిరగవలె. కాని జంటలోని రెండవ నక్షత్రం తన సాగిన కక్ష్యలో మొదటి దానికి సుమారు పదకొండున్నర రెట్ల దగ్గరకే వస్తుంది! పక్కనే ఒక సూర్యుడు వచ్చి పోతూ ఉంటే ఆ వస్తువు అక్కడ ఎట్లా నిలుస్తుంది? 1899లో మౌల్టన్ అటువంటి ఏర్పాటు స్థిరంగా ఉండజాలదని గణితంతో నిరూపించినాడు. సీ ఇచ్చిన జవాబులో గణితం కంటె కోపం ఎక్కువ కావడంతో, పత్రికా సంపాదకులు ఆయన వ్రాతలకు హద్దు పెట్టవలసి వచ్చినది. ఇద్దరినీ ఒకే గాటన కట్టే రచనలు కొన్ని చూసినాను. అది జేకబ్ పట్ల అన్యాయం.

1943లో రాయిల్, హోంబెర్గ్ అనేవారు ఛాయాచిత్రాల సాయంతో ఇక్కడనే గురునికి సుమారు పదిరెట్ల వస్తువును మళ్ళీ చూపినారు, అదీ నిలువలేదు. సూర్యుని వంటి నక్షత్రం చుట్టూ నిస్సందేహమైన మొదటి గ్రహం 1995లో గాని దొరకలేదు. మేయర్, కెలోజ్ అనేవారు పెగాసస్ 51 అనే తార కాంతిలోని వర్ణరేఖల కదలికను కొలిచి దానిని పట్టుకొన్నారు. 2019లో నోబెల్ బహుమానం పొందినారు. ఆ తరువాత కూడా ఊహాగ్రహాలు పుట్టక మానలేదు. మనకు అతి సమీపమైన ఆల్ఫా సెంటారీ జంటలో చిన్న తారకు గ్రహం ఉన్నదని 2012లో ప్రకటించినారు. కొలతలు తీసిన తేదీల అమరిక వల్లనే ఆ సంకేతం పుట్టినదని 2015లో తేలినది. పరికరం వెయ్యి రెట్లు సూక్ష్మమైనా చిక్కు మాత్రం జేకబ్ నాటిదే.

సర్పధారి 70 మాట ఏమి? 2006లో మెక్‌డొనాల్డ్ వేధశాలవారు పెద్ద గ్రహాలకు కొన్ని పరిమితులు విధించినారు. అంతకంటె చిన్నవి, లోపలి కక్ష్యలలో, ఉండరాదని ఎవరూ నిరూపించలేదు. కాని రేపు అక్కడ ఏదైనా గ్రహం దొరికినా అది జేకబ్ చూపిన గ్రహం కాదు.

ఇంతా చెప్పి నేను ఉపాధ్యాయునితో, కాగితం తీయవద్దన్నాను. "మొట్టమొదట" అన్న మాటకు కూడా చోటున్నది. నక్షత్రపు నడకలోని తేడాను కొలిచి, దానిని బట్టి గ్రహం ఉండవచ్చునని చెప్పిన వాదాలలో బహుశా ఇదే తొలిది. ఆయన మరునాడు ఆ విద్యార్థిచేత 76, 88 అనే రెండు అంకెలు నల్లబల్ల మీద వ్రాయించి ఊరకున్నాడట. వాడే పోయి గోడపత్రికలో "కనుగొన్నది" కొట్టివేసి పైన "అనుమానించినది" అని వ్రాసి, ప్రక్కన ఆ తీసివేత కూడా వేసినాడు.