‘తాత్కాలిక’ తల్లులు

అమెరికాలో పుట్టుకతో వచ్చే పౌరసత్వం గురించిన చర్చంతా రాజ్యాంగ నిపుణుల చేతుల్లో ఉంది. 1868 నాటి పద్నాలుగో సవరణలో ‘అమెరికా అధికార పరిధికి లోబడిన’ అన్న మాటకు అర్థమేమిటని వాళ్ళు తర్కిస్తున్నారు. అదీ అవసరమే. సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక, ఏ వాచకమైనా ఎవరిని కర్తగా నిలబెడుతోంది, ఎవర్ని అనుమానిస్తోంది అని చూడటం నాకలవాటు. 2025 జనవరి 20న ట్రంప్ సంతకం చేసిన 14160వ ఉత్తర్వును కూడా అలాగే చదివాను. పిల్లల గురించిన ఈ ఉత్తర్వులో మొదట ప్రవేశించే పాత్ర తల్లి.

బిడ్డ పుట్టేనాటికి తల్లి అనుమతి లేకుండా దేశంలో ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే ఆ బిడ్డ పౌరుడు కాదు. తల్లి చట్టబద్ధంగానే ఉన్నా, ఆ ఉండటం తాత్కాలికమైతే, తండ్రి విషయంలో మళ్ళీ అదే షరతు. రెండు వాక్యాల్లోనూ దోషం తల్లి నుంచి మొదలవుతుంది, విముక్తి తండ్రి నుంచి వస్తుంది. ఇలాగే రాయాలన్న అవసరమేం లేదు. 2009లో నాథన్ డీల్ తెచ్చిన బిల్లూ, 2025 జనవరిలో బ్రయాన్ బాబిన్ ప్రతినిధుల సభలో పెట్టిన బిల్లూ ‘తల్లిదండ్రుల్లో ఒకరు’ అంటూ మాట్లాడాయి. ఆ ఒకరు పౌరులో, శాశ్వత నివాసులో, సైన్యంలో పనిచేస్తున్న విదేశీయులో అయివుండాలన్నాయి. ఫలితంలో తేడా స్వల్పం. ఊహలో తేడా మాత్రం చిన్నది కాదు. ఉత్తర్వు రాసినవాళ్ళ మనసులో ఉన్నది నిండు గర్భంతో సరిహద్దు దాటి వస్తున్న ఆడమనిషి. ‘యాంకర్ బేబీ’ అన్న తిట్టును పుట్టించిన బొమ్మ అదే. బిడ్డ లంగరట, తల్లి ఓడట! పైగా తల్లంటే ‘స్త్రీ జీవజనకురాలు’ అని ఒక నిర్వచనం కూడా ఇచ్చారు. పెంచుకున్నవాళ్ళకూ, అద్దెగర్భం ద్వారా తల్లులైనవాళ్ళకూ ఈ నిర్వచనంలో చోటెక్కడో వెతుక్కోవాల్సిందే.

ఇది కొత్త ఊహ కాదు. 1662లో వర్జీనియా వలస ప్రభుత్వం, బిడ్డ బానిసా స్వతంత్రుడా అన్నది తల్లి స్థితిని బట్టి నిర్ణయించాలని చట్టం చేసింది. తెల్ల యజమాని తన బిడ్డను తానే ఆస్తిగా ఉంచుకోవడానికి అది దారి చేసిపెట్టింది. మిగతా విషయాలన్నిట్లో తండ్రి పేరే చెల్లే సమాజం, ఇక్కడ మాత్రం తల్లి గర్భాన్ని గుర్తించింది! 1875లో వచ్చిన పేజ్ చట్టం అనైతిక ప్రయోజనాల పేరు చెప్పి చైనా స్త్రీలను రేవుల్లోనే ఆపింది. స్త్రీలు రాకపోతే అక్కడ పిల్లలూ పుట్టరు. 1907 చట్టం ప్రకారం పరదేశిని పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్నే పోగొట్టుకునేది. నల్లవాళ్ళు పౌరులు కాలేరన్న 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పును పద్నాలుగో సవరణ తుడిచేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆ సవరణ చేసిన పని, బిడ్డ పుట్టుకను తల్లి స్థితి నుంచి విడదీయడం. స్త్రీవాదులు దాన్ని ఈ కోణంలో తక్కువగా చదివారనిపిస్తుంది.

తాత్కాలికం అన్న మాట మన తెలుగువాళ్ళకు నేరుగా తగిలేది. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడాదికి 7 శాతానికి మించకూడదన్న పరిమితి వల్ల, భారతీయులు హెచ్-1బి మీద దశాబ్దాలు గడుపుతున్నారు. ఇల్లు కొంటారు, పన్నులు కడతారు, అక్కడే పురుళ్ళు పోసుకుంటారు. తొలి పురుడు పుట్టింట జరగాలన్న మన ఆనవాయితీ తలకిందులై, అమ్మే కారప్పొడులూ వామూ సర్దుకుని ఆరునెలల వీసా మీద కూతురి దగ్గరకు వెళ్ళడం కూడా ఇప్పుడు పాతబడింది. ఇంత జీవితాన్ని తాత్కాలికం అనడం కల్పనే, అందులోనూ నాసిరకం కల్పన.

ఉత్తర్వు వచ్చిన వారంలో, ఫిబ్రవరి గడువు దాటకముందే సిజేరియన్ చేయమని భారతీయ దంపతులు డాక్టర్లను అడుగుతున్నారని వార్తలొచ్చాయి. దంపతులు అన్నారు. కోత మాత్రం ఆమెకే. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తుల గురించి డాక్టర్లు హెచ్చరించారు. ఆమెను ఎవరైనా ఏమైనా అడిగారా అన్నది ఆ కథనాల్లో నాకు కనబడలేదు. జనవరి 23న సియాటిల్‌లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి ఆ ఉత్తర్వు అమలును ఆపారు. ఆ మూడు రోజుల్లో ఆ గర్భిణుల మనసుల్లో ఏం నడిచిందో చెప్పే కథ మన ప్రవాస సాహిత్యంలో రావలసి ఉంది.

ఇంకో మాట కూడా అనుకోవాలి. ‘మేం వరసలో నిలబడి, కాగితాలతో వచ్చాం, వాళ్ళు గోడ దూకి వచ్చారు’ అని మెక్సికన్ల గురించి మాట్లాడే తెలుగు గొంతులు నాకు కొత్త కాదు. ఉత్తర్వు ఇద్దర్నీ పక్కపక్క వాక్యాల్లో కూర్చోబెట్టింది. మన దేశం ఈ దారిలో ముందే నడిచిందని కూడా వాళ్ళకు గుర్తు లేదు. 1955 చట్టం ఇక్కడ పుట్టినవాళ్ళను దాదాపు అందర్నీ పౌరులుగా ఒప్పుకుంది. 1987 జూలై 1 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి రెండోవారు అక్రమ వలసదారు కాకూడదన్నారు. అస్సాంలో 2019 నాటి జాబితా నుంచి 19 లక్షల మందికి పైగా తప్పిపోయినప్పుడు, బడి ముఖం చూడక, చిన్నప్పుడే పెళ్ళై వేరే ఊరు వెళ్ళిన ఆడవాళ్ళు ఫలానా తండ్రి కూతుళ్ళమని రుజువు చేసుకోలేక అల్లాడారు.

విదేశంలో పుట్టిన బిడ్డకు తల్లి వైపు నుంచి భారత పౌరసత్వం రావడం కూడా 1992 సవరణ తర్వాతే. అంతకుముందు తండ్రి ఒక్కడే లెక్క. అమెరికా కాదన్న బిడ్డను, పుట్టిన ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. ఆ దరఖాస్తులు నింపడం, చంకలో పసిబిడ్డతో ఆ వరసలో నిలబడటం ఎవరి పనవుతుందో, ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా మీద ఏళ్ళ తరబడి ఇంట్లో ఉన్న ఆడవాళ్ళను అడిగితే చెబుతారు.