సరి బేసి లెక్క

చార్జింగ్ పూర్తిగా దిగిపోయి నెలల తరబడి సొరుగులో పడి ఉన్న పాత ఫోన్‌ను ఆన్ చేస్తే ఒక్కోసారి 1970 జనవరి 1, ఉదయం 5:30 అని చూపిస్తుంది. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రాసినవాళ్లు లెక్క మొదలుపెట్టింది గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి. అప్పటికి మన దగ్గర కోళ్లు కూసేశాయి. యంత్రాన్ని లోపలి నుంచి నడిపే లైనక్స్ కెర్నెల్ దగ్గర కూడా ఉన్నది ఆ క్షణం నుంచి గడిచిన సెకన్ల లెక్కే. మన ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దాపున పోతుంది కాబట్టి కరీంనగర్‌లో సూర్యుడు గడియారం కంటే సగటున 13 నిమిషాలు, ఆదిలాబాద్‌లో దాదాపు 16 నిమిషాలు వెనక నడుస్తాడు. పంచాంగం చూసేవాళ్లకు ఆ తేడా కావాలి, కెర్నెల్‌కు అక్కర్లేదు. ఐదున్నర గంటలు కలిపే పని కూడా పైనున్న ప్రోగ్రాములదే. ఆ సెకన్ల లెక్కను 32 బిట్లలో ఇరికించిన పాత యంత్రాలకు మాత్రం 2038 జనవరి 19 ఉదయం 8:44:07 దాటగానే చోటు చాలదు. కెర్నెల్ టైము చూసే పనితనంలో మచ్చ ఏదైనా ఉంటే అదే.

ప్రోగ్రాములు కెర్నెల్‌ను టైమెంత అని అడిగే కాల్ పేరు క్లాక్ గెట్‌టైమ్. మామూలుగా ప్రోగ్రాం కెర్నెల్‌ను ఏదడగాలన్నా గడప దాటి లోపలికి పోయి రావాలి. టైము సెకనుకు వేలసార్లు అడుగుతారు, ప్రతిసారీ ఆ తిరుగుడు దండగ. అందుకని కెర్నెల్ ఒక మెమరీ పేజీని గోడకు బోర్డు తగిలించినట్టు బయటే పెట్టింది. ఎవరైనా చదవొచ్చు, రాయలేరు. చివరిసారి రాసినప్పుడు టైమెంతో, ప్రాసెసర్ కౌంటర్ ఎంతో అందులో ఉంటాయి. ఇప్పటి కౌంటర్లోంచి పాతది తీసేసి, ఒక గుణకంతో గుణించి, బిట్లను కుడికి జరిపితే గడిచిన నానోసెకన్లు వచ్చేస్తాయి. భాగహారం జోలికే పోరు, అది ప్రాసెసర్‌కు నిదానం పని.

నాకు మరీ నచ్చింది ఇంకోటి. మనం చదువుతుండగానే కెర్నెల్ ఆ బోర్డు మార్చేస్తే? ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో పత్తి ధర చెరిపి రాస్తున్నప్పుడు, వేల అంకె కొత్తది, వందల అంకె పాతది చూసిన రైతు గతే మనదీ. తాళం వేద్దామంటే రాసేవాడు చదివేవాళ్ల కోసం ఆగాల్సి వస్తుంది. అందుకే బోర్డు మూలన ఒక అంకె పెట్టారు. కెర్నెల్ రాయబోయే ముందు దానికి ఒకటి కలుపుతుంది, బేసి అవుతుంది. రాయడం అయ్యాక ఇంకొకటి, సరి అవుతుంది. చదివేవాడు ముందు ఆ అంకె చూస్తాడు. బేసైతే ఆగుతాడు. సరైతే చదివి, పోయేముందు మళ్లీ చూస్తాడు. అంకె మారిందా, చదివిందంతా పారేసి మళ్లీ మొదటికి. రాసేవాడు ఎవరి కోసమూ ఆగడు.

టైము మార్చే క్లాక్ సెట్‌టైమ్ దగ్గర ఇంత ధారాళం లేదు. మామూలు యూజర్ కాల్ చేస్తే అనుమతి లేదని ఎర్రర్ వస్తుంది. న్యాయమే. గంట లెక్కన డబ్బులు తీసుకునే నెట్ సెంటర్‌లో గడియారం పది నిమిషాలు వెనక్కి తిప్పితే అరగంట కాస్తా ఇరవై నిమిషాలవుతుంది. అలాంటి లెక్కల కోసం మోనోటోనిక్ అని వేరే గడియారం ఉంది, దాన్ని వెనక్కి తిప్పే కాలే లేదు. ఇక చిన్న తేడాలకు అడ్జ్‌టైమ్. ఇది ముల్లును గెంటదు, నడక మారుస్తుంది, అదీ సెకనుకు అర మిల్లీసెకను చొప్పున. ఒక సెకను ముందున్న గడియారాన్ని దారికి తేవడానికి 2000 సెకన్లు, అంటే అరగంట పైనే పడుతుంది. అంతసేపూ అది ఒక్కసారి కూడా వెనకడుగు వేయదు.